పాత టర్న్‌టేబుల్: ఉన్నదున్నట్టు ఉంచాలా, భాగాలు మార్చాలా?

నల్లరికార్డు:
మా మావయ్య వాడిన గారార్డ్ 301 టర్న్‌టేబుల్ (రికార్డులు తిప్పే యంత్రం) నాకు ఇచ్చారు. చాలా ఏళ్లుగా అటక మీదే ఉంది. తిరుగుతోంది కానీ, సాగదీసి పాడిన చోట స్వరం వణుకుతోంది, అడుగున గుర్రుమంటోంది. ఒక స్నేహితుడు ఏదీ ముట్టుకోవద్దంటాడు. ఇంకొకాయన మొత్తం విప్పి కొత్త భాగాలు వేయించమంటాడు. ఏది చేయను?

మోనోప్రియ:
ముట్టుకోకండి. 1954లో వచ్చిన మోడల్ ఇప్పటికీ తిరుగుతోందంటే దాని పనితనం అలాంటిది. ఒకసారి నాది రిపేరుకిస్తే, ఇంకా మంచిదని కొత్త బేరింగ్ వేసి పంపారు. పాతది అడిగితే పారేశామన్నారు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

సూదిమొన:
మోనోప్రియ గారూ, మీకు జరిగింది అన్యాయం. తీసిన ప్రతి భాగాన్నీ తిరిగి తీసుకోవాల్సిందే. కానీ ఏదీ ముట్టుకోవద్దంటే ఒప్పుకోలేను. ఇనుము ఆయుష్షు వేరు, రబ్బరు ఆయుష్షు వేరు.

301లో మోటారు పుల్లీ ఒక రబ్బరు చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ప్లాటర్ (రికార్డు పెట్టే పళ్లెం) లోపలి అంచును తిప్పుతుంది. రబ్బరు గట్టిపడినా, ఒకచోట నొక్కుకుపోయినా ఆ అదురు పాటలోకి వచ్చేస్తుంది. మీరు చెప్పిన వణుకు, గుర్రు రెండింటికీ ముందు అక్కడే చూడండి. బేరింగ్ మాత్రం మార్చకండి, శుభ్రం చేస్తే చాలు. తొలి 301లకు గ్రీజు బేరింగ్, తర్వాతివాటికి నూనె బేరింగ్. మీది ఏదో చూసుకునే గ్రీజో నూనో వేయండి.

కార్ట్రిడ్జ్ (సూది ఉండే చిన్న భాగం) కూడా పాతదేనా? సూది కడ్డీని పట్టి ఉంచే చిన్న రబ్బరు, వాడకుండా పక్కన పెట్టినా గట్టిపడుతుంది. పైకి సూది బాగానే కనిపిస్తుంది, కింద రికార్డు గాడి పాడవుతుంది. ఆ రికార్డులు మళ్లీ దొరకవండీ, అదే నా భయం.

నల్లరికార్డు:
కార్ట్రిడ్జ్ పాతదే. ఇంకో సంగతి, మావయ్య టర్న్‌టేబుల్ మీది లీవర్ కదపకుండా గోడ స్విచ్ దగ్గరే ఆపేసేవారు.

సూదిమొన:
అయితే చక్రానికి నొక్కు పడే ఉంటుంది. లీవర్‌తో ఆపితేనే చక్రం పక్కకు జరుగుతుంది. గోడ దగ్గర ఆపితే పుల్లీకీ ప్లాటర్‌కీ మధ్య అలాగే నలిగిపోతూ ఉంటుంది.

మోనోప్రియ:
సరే, చక్రం, కార్ట్రిడ్జ్ విషయంలో మీ మాటే నిజం. ఆర్మ్ (కార్ట్రిడ్జ్‌ని పట్టి ఉంచే చేయి) మాత్రం పాతదే ఉండనివ్వండి.

సూదిమొన:
301 ఫ్యాక్టరీ నుంచి ఆర్మ్ లేకుండానే వచ్చేదండీ, ఎవరికి నచ్చింది వాళ్లు బిగించుకునేవారు. అందుకే ఒరిజినల్ ఆర్మ్ అనే పట్టుదల దీనికి వర్తించదు. ఆర్మ్ బేరింగుల్లో వదులు లేకపోతే ఉంచండి, ఉంటే మార్చండి. ఏదైనా సరే, సూది బరువు అంచనాగా కాకుండా చిన్న త్రాసుతో తూచి, కార్ట్రిడ్జ్ తయారీదారు చెప్పిన గ్రాముల్లోనే పెట్టండి. తక్కువ పెడితే మంచిదనుకుంటారు చాలామంది. అప్పుడు సూది గాడిలో కుదురుగా నిలవక ఎగిరెగిరి పడుతుంది, గాడి ఇంకా త్వరగా పాడవుతుంది.

నల్లరికార్డు:
ముందు చక్రం, కార్ట్రిడ్జ్ మారుస్తాను. పాత చక్రం డబ్బాలో దాస్తాను. అప్పటిదాకా ఒక్క రికార్డూ పెట్టను.