మాంద్యంలో విశాఖ ఎంత పడింది, హైదరాబాద్, చెన్నై ఎంత పడ్డాయి: జిల్లా అంకెలతో పోల్చొచ్చా?

ఎంవీపీ సుధ:
అందరికీ నమస్కారం. ఎం.ఏ. ఎకనామిక్స్ ఆఖరి సెమిస్టర్ చదువుతున్నాను. ప్రాజెక్టు ఏంటంటే, 2020-21 కరోనా దెబ్బకి విశాఖ, హైదరాబాద్, చెన్నై ఏది ఎంత పడింది, ఏది ముందు లేచింది. మూడు జిల్లాల స్థూల ఉత్పత్తి అంకెలు తెచ్చుకుని, ఏటికేడు శాతాలు తీసి, ఎక్సెల్‌లో గ్రాఫ్ గీశాను. నిన్న గైడ్ సార్ మొదటి పేజీ చూసి, "హైదరాబాద్ అంటే ఏదమ్మా?" అని అడిగి కాగితాలు తిరిగిచ్చేశారు. నాకు నోట మాట రాలేదు. పైగా విశాఖ గీత 2022 దగ్గర గోతిలో పడ్డట్టు ఉంది, ఎందుకో అర్థం కావట్లేదు. సబ్మిషన్‌కి మూడు వారాలే. టెన్షన్‌గా ఉంది, ఎవరైనా దారి చూపించండి.

మర్రిపాలెం మాస్టారు:
అమ్మా సుధా, నేను గణాంకాల పనిలోనే తల నెరిసినవాణ్ని. మీ సార్ అడిగింది అసలు ప్రశ్నే. హైదరాబాద్ జిల్లా అంకె తీసుకున్నావంటే చార్మినార్, అబిడ్స్, సికింద్రాబాద్ నీ లెక్కలో ఉన్నాయి. మాదాపూర్, గచ్చిబౌలి లేవు, అవి రంగారెడ్డి జిల్లా. హైటెక్ సిటీ లేని హైదరాబాద్‌ని విశాఖతో పోలుస్తున్నావన్నమాట. హైదరాబాద్, రంగారెడ్డి, మేడ్చల్-మల్కాజిగిరి మూడూ కలుపు. పటాన్‌చెరు ఫ్యాక్టరీలు కావాలంటే సంగారెడ్డినీ చేర్చు. చెన్నై కూడా అంతే. శ్రీపెరుంబుదూరు కార్ల ఫ్యాక్టరీలు కాంచీపురం జిల్లాలో ఉన్నాయి, ఆ కాంచీపురం నుంచే 2019లో చెంగల్పట్టు విడిపోయింది. తిరువళ్లూరుతో కలిపి నాలుగు జిల్లాలు పెట్టుకోవాలి.

ఇక నీ గొయ్యి సంగతి. 2022 ఏప్రిల్ 4న మన జిల్లాలు మారాయి కదా. పరవాడ ఫార్మా సిటీ, సింహాద్రి ఎన్టీపీసీ, అచ్యుతాపురం సెజ్ అనకాపల్లి జిల్లాకి వెళ్లిపోయాయి. పాడేరు, అరకు అల్లూరి జిల్లాకి వెళ్లాయి. ఊళ్లో ఒక్క ఫ్యాక్టరీ కూడా మూతపడలేదు, గీత మాత్రం పడిపోయింది. పాత జిల్లా, కొత్త జిల్లా ఒకే వరసలో పెడితే జరిగేది ఇదే. అల్లూరిని కూడా కలిపేసి పాత జిల్లా తయారుచేద్దాం అనుకోకు, అప్పట్లో అందులోకి తూర్పు గోదావరి నుంచి రంపచోడవరం వైపు కూడా వచ్చింది. నగరం కోసమైతే విశాఖ, అనకాపల్లి రెండూ చాలు.

ఎంవీపీ సుధ:
ధన్యవాదాలు మాస్టారూ. కానీ అనకాపల్లి కలిపి పాడేరు వదిలేయడానికి కారణం ఏం రాయాలి? సార్ తప్పకుండా అడుగుతారు.

మర్రిపాలెం మాస్టారు:
రేపు పొద్దున్న ఆరున్నరకి కూర్మన్నపాలెం జంక్షన్‌లో పది నిమిషాలు నిలబడు. కంపెనీల బస్సులు ఒకదాని వెనక ఒకటి పరవాడ, అచ్యుతాపురం వైపు పోతుంటాయి, లోపల సగం మంది యూనిఫాంలోనే నిద్రపోతుంటారు. ఉత్పత్తి అనకాపల్లి జిల్లా ఖాతాలో పడుతుంది, జీతం మాత్రం గాజువాకలో ఖర్చవుతుంది. పాడేరు నుంచి అలాంటి బస్సు రాదు. దీన్నే ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలు కలిసి పెట్టుకున్న ఆర్థిక సంస్థ) వాళ్లు పద్ధతిగా చెప్పారు. చుట్టుపక్కల ఊరి పనివాళ్లలో కనీసం 15 శాతం మంది రోజూ నగరంలోకి పనికి వస్తే ఆ ఊరు ఆ నగరంలో భాగమే. మన దగ్గర సిటీ నుంచి బయటికి వెళ్లేవాళ్లు కూడా ఎక్కువే కాబట్టి రెండు వైపులా చూడాలి. తలసరి ఉత్పత్తి తీసేటప్పుడు ఈ బస్సులు గుర్తుపెట్టుకో. ఉత్పత్తి ఒక జిల్లాది, మనుషులు ఇంకో జిల్లావాళ్లు అయితే తలసరి అంకెకి అర్థం ఉండదు. అదీగాక జనాభా లెక్క 2011 నాటిది, 2020కి వేసుకునేదంతా అంచనాయే.

పోర్టు వెంకన్న:
చెల్లెమ్మా, ఇంత తలనొప్పి ఎందుకు? జీఎస్టీ వసూళ్లు నెలనెలా వస్తాయి కదా, అవి చూసుకుంటే పోలా?

మర్రిపాలెం మాస్టారు:
వెంకన్నా, జీఎస్టీ సరుకు వాడిన రాష్ట్రానికి చేరే పన్ను, తయారైన చోటికి కాదు. పైగా క్రూడ్, పెట్రోలు, డీజిల్ దాని పరిధిలోనే లేవు. రిఫైనరీని పక్కనపెట్టి విశాఖ ఉత్పత్తి గురించి ఏం మాట్లాడతాం?

సుధా, నువ్వు ఇంకా అడగని ప్రశ్న ఒకటుంది. అసలు జిల్లా అంకె ఎలా తయారవుతుంది? పంటలకీ, చేపలకీ, గనులకీ జిల్లా నుంచే దిగుబడి లెక్క ఉంటుంది. పెద్ద ఫ్యాక్టరీలకి పరిశ్రమల వార్షిక సర్వే ఉంది. రైల్వే, బ్యాంకులు, కమ్యూనికేషన్లు అలా కాదు, పైనుంచి రాష్ట్రం వాటా వస్తే దాన్ని జిల్లాలకి పంచుతారు. బ్యాంకులకైతే డిపాజిట్లు, అప్పులు చూస్తారు. చిన్న దుకాణాలు, హోటళ్లు, ఆటోలకి పాత సర్వేల్లోని పనివాళ్ల సంఖ్యే ఎక్కువగా ఆధారం. పెళ్లి పంక్తిలో వడ్డన లాంటిది ఇది. గంగాళంలో పులిహోర తక్కువైతే అందరి విస్తట్లోనూ అదే పాళ్లలో తగ్గుతుంది, ఎవరి ఆకలి ఎంతో వడ్డించేవాడికి తెలియదు. 2020లో బీచ్ రోడ్డు హోటళ్లు ఎంత ఖాళీగా ఉన్నాయి, ఇంకో జిల్లాలో ఎంత ఖాళీగా ఉన్నాయి అన్న తేడా ఆ అంకెలో చాలావరకు కనబడదు. మామూలు ఏడాది ఇది పెద్ద ఇబ్బంది కాదు. ఊరికో రకంగా దెబ్బ తగిలే మాంద్యంలోనే మోసం చేస్తుంది, నీ ప్రాజెక్టు సరిగ్గా అలాంటి ఏడాది మీదే.

పోర్టు వెంకన్న:
సరే మాస్టారూ, జీఎస్టీ మాట వెనక్కి తీసుకుంటున్నా. నాకు బాగా తెలిసింది చెప్తా. పోర్టు టన్నులు చూసి మోసపోకు చెల్లెమ్మా. విశాఖపట్నం పోర్టు 2019-20లో సుమారు 7.27 కోట్ల టన్నులు ఎత్తింది, మరుసటేడు 7 కోట్లకి కాస్త తక్కువ. అంటే పడింది 4 శాతమే. 2020 ఏప్రిల్‌లో పాసు చూపించి కాన్వెంట్ జంక్షన్ దాటితే రోడ్డు మీద నేనూ రెండు కుక్కలూ. లోపలికెళ్తే కన్వేయర్ తిరుగుతూనే ఉంది, బొగ్గు ధూళి మామూలుగానే లేస్తోంది. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా నుంచి ఇనుప ఖనిజం కిరండూల్ రైల్వే లైన్ మీద వచ్చి ఓడెక్కి పోతే ఊళ్లో మిగిలేది కూలీ, క్రేన్ ఖర్చు, మాలాంటోళ్ల కమిషనే కదా. టన్ను బొగ్గూ టన్ను మందుల కంటైనరూ ఒకటి కావు. పైగా గంగవరం వేరే పోర్టు, మేజర్ పోర్టుల పట్టికలో ఉండదు. ఇక్కడ తగ్గిన సరుకు అక్కడ దిగితే ఊరికి పోయిందేం లేదు. రెండూ కలిపి చూడు, టన్నులతో పాటు కంటైనర్లు విడిగా చూడు.

ఇంకోటి, మూణ్నెల్ల అంకెలు పెడుతున్నావా? ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన ఫిషింగ్ హార్బర్‌లో బోట్లన్నీ కట్టేసే ఉంటాయి. జనవరి-మార్చితో పోలిస్తే ప్రతి ఏడూ మాంద్యమే. పోనీ పోయినేడాది అవే నెలలతో పోలుద్దామంటే, లాక్‌డౌన్ వల్ల 2020లో వేట నిషేధం మే 31కే ఎత్తేశారు, 47 రోజులే. ఆ జూన్ మాత్రం తేడాగా కనిపిస్తుంది.

ఎంవీపీ సుధ:
వెంకన్న గారూ, ఇది నాకు తట్టనే లేదు. నేను త్రైమాసికం పెట్టాలనే అనుకున్నా!

డల్లాస్ విశాఖవాసి:
మాది అక్కయ్యపాలెం, ఇప్పుడు ఇక్కడ డేటా పని చేస్తున్నాను. ఇక్కడ ఈ గొడవ కొంచెం తక్కువ. బీఈఏ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ కౌంటీలని (మన జిల్లాల్లాంటివి) కలిపి మెట్రో ప్రాంతాల జీడీపీని ఏటా ఇస్తుంది. 2009లో ఇండియానాలోని ఎల్క్‌హార్ట్‌లో నిరుద్యోగం దాదాపు 20 శాతానికి వెళ్లింది, అది ఇల్లులాంటి బళ్లు తయారుచేసే ఊరు. అదే సమయంలో వాషింగ్టన్ అంత వణకలేదు, అక్కడంతా సర్కారు జీతాలు. 2020 ఏప్రిల్‌లో లాస్ వెగాస్‌లో నిరుద్యోగం 30 శాతం దాటింది, హోటళ్లు మూసేస్తే ఆ ఊరికి వేరే పని లేదు. హ్యూస్టన్ అయితే 1980ల్లో దేశం కోలుకుంటుంటే చమురు ధరలతో తాను పడింది. కాబట్టి అన్ని ఊళ్లకీ ఒకే ఏడాదిని మొదలు, ఒకే ఏడాదిని అడుగు అనుకోవద్దు.

విశాఖలో కొంత వాషింగ్టన్ లక్షణం ఉంది సుధా. నేవీ, రైల్వే, డాక్‌యార్డు, ఆఫీసులు. ప్రభుత్వ పాలన, రక్షణ ఉత్పత్తిని జాతీయ లెక్కల్లో ఖర్చుని బట్టి, ముఖ్యంగా జీతాలని బట్టి కడతారు. ఆఫీసు తాళం వేసి ఉన్నా జీతం పడితే ఉత్పత్తి జరిగినట్టే. నీ పట్టికలో విశాఖ తక్కువ పడితే అందులో ఇది ఎంతో విడదీసి చూపించు.

దానికో పద్ధతి ఉంది. ఊరికే లెక్క కోసం అనుకుందాం: రాష్ట్రమంతటా పరిశ్రమలు 10 శాతం, సేవలు 5 శాతం తగ్గాయి. ఒక ఊరి ఉత్పత్తి 100 రూపాయలైతే 60 పరిశ్రమలవి, 40 సేవలవి. రాష్ట్రం దారిలోనే నడిస్తే 6 ప్లస్ 2, మొత్తం 8 తగ్గాలి. నిజంగా 6 తగ్గితే మిగతా 2 ఆ ఊరి సొంత బలం.

మర్రిపాలెం మాస్టారు:
బాగా చెప్పావు బాబూ, కానీ ఒక మెలిక ఉంది. నేను చెప్పిన వడ్డన లెక్కకి ఈ పద్ధతి వాడితే సేవల్లో ఊరి సొంత బలం దాదాపు సున్నా వస్తుంది. రాష్ట్రం శాతాన్నే జిల్లాకి వేసి, మళ్లీ అందులోంచి రాష్ట్రం శాతాన్ని తీసేస్తే ఏం మిగులుతుంది? అందుకని దీన్ని ఫ్యాక్టరీలకే వాడు. సేవలకి ఎయిర్‌పోర్టు ప్రయాణికులు, వాణిజ్య కరెంటు వాడకం లాంటివి పక్కన పెట్టి చూపించు. కరెంటు కూడా ఇళ్లది వేరుగా తీయాలి, లాక్‌డౌన్‌లో అందరం ఇంట్లోనే ఫ్యాన్ల కింద కూర్చున్నాం.

స్థిర ధరలే వాడు, అంటే అన్ని ఏళ్లకీ ఒకే ఏడాది ధరలతో కట్టిన అంకెలు. 2021లో ఉక్కు ధర బాగా పెరిగింది, ప్రస్తుత ధరల్లో చూస్తే ఉక్కు ఊరు ఎగిరి గంతేసినట్టు ఉంటుంది. ఏ తేదీన దించుకున్న పట్టికో కింద రాయి. దేశం అంకెనే చూడు, 2020-21 తగ్గుదల మొదట 7.7 శాతం అన్నారు, తర్వాత 8, తర్వాత 7.3, తర్వాత 6.6, చివరికి 5.8. ఒక ఊరికి మొదటి అంచనా, ఇంకో ఊరికి సవరించిన అంకె పెడితే పోటీ ముందే తేలిపోయినట్టు.

ఎంవీపీ సుధ:
ఇంకో తప్పు నేనే పట్టుకున్నాను. "20 శాతం తగ్గింది, 20 శాతం పెరిగింది, కాబట్టి కోలుకుంది" అని రాసేశాను ఒకచోట. 100 నుంచి 80కి పడితే తిరిగి 100 అవ్వడానికి 25 శాతం కావాలి కదా. అన్నిటినీ 2019-20ని 100 చేసి మళ్లీ గీస్తున్నా.

ఎంవీపీ సుధ (నాలుగు రోజుల తర్వాత):
సార్‌కి చూపించాను. ఈసారి "చెన్నై అంటే ఏది?" అన్నారు. నాలుగు జిల్లాల పేర్లు గడగడా చెప్పేశాను. రంగారెడ్డిలో పల్లెలు కూడా ఉన్నాయి కదా అంటే, వ్యవసాయం వాటా తీసేసి రెండో పట్టిక పెట్టానని చూపించాను. పాడేరు ఎందుకు లేదని అడిగారు, కూర్మన్నపాలెం బస్సుల సంగతి చెప్పాను. నవ్వి, "ఎన్ని బస్సులు?" అన్నారు. లెక్కపెట్టలేదు మాస్టారూ.

మర్రిపాలెం మాస్టారు:
రేపు ఆరున్నరకి నేనూ వస్తాను. పెన్ను, అట్ట తెచ్చుకో. టీ వెంకన్న ఇప్పిస్తాడు.