యూకేలో మొదటి వేప్: పాడ్ కిట్ చాలా, 18650 మోడ్ కావాలా?

లెస్టర్_తెలుగోడు:
రోజుకు 15 సిగరెట్లు. మానేసి వేప్‌కి మారదామని చూస్తున్నా. 2025 జూన్ 1 నుంచి ఇక్కడ డిస్పోజబుల్స్ అమ్మకూడదు కాబట్టి చార్జింగ్ పెట్టుకునేదే కొనాలి. షాపులో 80 వాట్ల సింగిల్ బ్యాటరీ మోడ్ (బ్యాటరీ మార్చుకునే పెద్ద వేప్) చూపించారు, బ్యాటరీ విడిగా కొనుక్కోవాలట. ఆన్‌లైన్‌లో 9900 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే అంకె) 18650 బ్యాటరీల జత చాలా చవగ్గా దొరుకుతోంది. కొనొచ్చా? సంక్రాంతికి హైదరాబాద్ వెళ్తున్నా, వెంట తీసుకెళ్లొచ్చా?

ఓం_లెక్క:
ఆ 9900 జోలికి పోకండి, అది రేపర్ మీద అచ్చేసిన అబద్ధం. 18 మి.మీ. లావు, 65 మి.మీ. పొడవున్న సెల్‌లో అంత పట్టదు. వేప్‌కి పనికొచ్చే మంచి సెల్స్ 2500 నుంచి 3000 ఎంఏహెచ్ దగ్గరే ఉంటాయి.

మీరు ముందు చూడాల్సింది ఎంఏహెచ్ కాదు, ఆగకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదన్నది. శాంసంగ్ 25ఆర్ అయితే 2500 ఎంఏహెచ్, 20 ఆంపియర్లు. అదే కంపెనీ 30క్యూ 3000 ఎంఏహెచ్, కానీ 15 ఆంపియర్లే. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది, మామూలుగా. 'పల్స్' (కొద్ది క్షణాలు మాత్రమే ఇవ్వగలిగేది) అని రాసిన పెద్ద అంకెను లెక్కలోకి తీసుకోవద్దు.

లెక్క ఇలా: వాట్లను 3.2తో (బ్యాటరీ దిగిపోతున్నప్పటి వోల్టులు), వచ్చినదాన్ని 0.9తో (మోడ్‌లో కొంత వృథా అవుతుంది కాబట్టి) భాగించండి. 40 వాట్లకు దాదాపు 14 ఆంపియర్లు. 80 వాట్లకు 28, అంటే 25ఆర్ కూడా చాలదు. నిండుగా ఉన్నప్పటి 4.2 వోల్టులతో లెక్క వేయకూడదు. బ్యాటరీ దిగేకొద్దీ అదే వాట్లు ఇవ్వడానికి మోడ్ ఎక్కువ కరెంటు లాగుతుంది. 80 వాట్లు కావాలంటే రెండు బ్యాటరీల మోడ్ తీసుకోవాలి.

పాడ్_పక్షం:
లెక్క కరెక్టే, కానీ ఈయనకి మోడ్ ఎందుకండీ? 15 సిగరెట్లు తాగేవాళ్లకి కావాల్సింది పొగమేఘం కాదు, గొంతుకి తగిలే నికోటిన్. 800-1000 ఎంఏహెచ్ బ్యాటరీ లోపలే ఉండే రీఫిల్ పాడ్ కిట్ (లిక్విడ్ నింపుకునే చిన్న వేప్), 0.8 లేదా 1 ఓం కాయిల్ (లిక్విడ్‌ను వేడిచేసే తీగ), 12-16 వాట్లు, మి.లీ.కి 20 ఎంజీ నిక్ సాల్ట్ (నికోటిన్ ఉప్పు రూపంలో ఉండే లిక్విడ్). ఇక్కడి చట్టం ప్రకారం 20 ఎంజీయే గరిష్ఠం. ట్యాంక్ 2 మి.లీ., నికోటిన్ లిక్విడ్ సీసా 10 మి.లీ. దాటకూడదు. అదే 20 ఎంజీని 60 వాట్ల మోడ్‌లో పోస్తే తల తిరిగి వాంతి వస్తుంది. మోడ్‌కి 3 ఎంజీ వాడతారు.

లెస్టర్_తెలుగోడు:
పాడ్స్‌లో మాడు వాసన వస్తుందంటారే?

పాడ్_పక్షం:
ఎక్కువసార్లు అది వాడకంలో తేడానే. కొత్త పాడ్ నింపాక కనీసం 10 నిమిషాలు ఆగాలి. లోపలి దూది తడవకముందే పీలిస్తే మాడుతుంది, ఒకసారి మాడిన కాయిల్ ఇక బాగుపడదు. రెండోది లిక్విడ్: 50/50 తీసుకోండి, అంటే పీజీ (ప్రొపిలిన్ గ్లైకాల్), వీజీ (చిక్కటి వెజిటబుల్ గ్లిసరిన్) చెరిసగం ఉన్నది. వీజీ 70 శాతం ఉన్నది చిక్కగా ఉండి చిన్న కాయిల్‌కి అందదు. తీపి ఎక్కువున్న ఫ్లేవర్లు కూడా కాయిల్‌ని త్వరగా నల్లబరుస్తాయి.

ఓం_లెక్క:
సరే, మొదటిదానికి పాడ్ అన్నది ఒప్పుకుంటా. ముందుముందు మోడ్ కొంటే మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: 18650కి పైనున్న చిన్న బిళ్ల తప్ప మిగతా డబ్బా అంతా నెగటివే. పైన రేపర్ చిరిగితే మోడ్ లోహానికి తగిలి షార్ట్ అవుతుంది. జేబులో తాళాలు, చిల్లరతో కలిపి వేస్తే కూడా అంతే, ఒంటిమీదే కాలుతుంది. ప్లాస్టిక్ కేసు దొరికేది చిల్లర డబ్బులకే. రెండు బ్యాటరీల మోడ్‌లో పాతదీ కొత్తదీ కలపొద్దు. జతగా కొని, జతగానే చార్జ్ చేయండి, 1 ఆంపియర్ దాటకుండా.

శంషాబాద్_రూట్:
హైదరాబాద్ సంగతి ఎవరూ చెప్పలేదు. తీసుకెళ్లకండి. 2019 చట్టం ప్రకారం ఇండియాలోకి ఈ-సిగరెట్ దిగుమతి నిషేధం. మొదటి నేరానికే ఏడాది వరకు జైలు, లేదా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ. పాడ్, లిక్విడ్, అన్నీ లెస్టర్‌లోనే వదిలేయండి. అక్కడున్నన్నాళ్లకి 2 ఎంజీ నికోటిన్ గమ్ ఏ మెడికల్ షాపులోనైనా దొరుకుతుంది. చూయింగ్ గమ్‌లా ఆగకుండా నమిలితే ఎక్కిళ్లు వస్తాయి. గొంతు చుర్రుమనేదాకా నమిలి, చెంప పక్కన పెట్టి, ఆ మంట తగ్గాక మళ్లీ నమలాలి.