పూర్వీకుల చరిత్రలో దేన్ని నమ్మాలి: రికార్డునా, ఇంట్లో చెప్పుకునే మాటనా?

పాతరిజిస్టర్:
చిన్న ఊళ్లో బతికి పోయిన పూర్వీకుల గురించి రాసేటప్పుడు, కాగితం మీద ఆధారం లేని మాట ఒక్కటి కూడా చేర్చకూడదని నా గట్టి అభిప్రాయం. పేరున్నవాళ్ల గురించి తప్పు రాస్తే ఎవరో ఒకరు పట్టుకుంటారు. ఊళ్లో చెప్పులు కుట్టుకుని బతికిన ముత్తాత గురించి మనం రాసిందే మిగులుతుంది, సరిదిద్దేవాళ్లు ఉండరు. ఎల్లిస్ ఐలాండ్ కథ చూడండి. 1892లో తెరిచి 1954లో మూసేసిన ఆ వలసల కేంద్రంలో అధికారులే తమ ఇంటిపేరు మార్చేశారని అమెరికాలో ఎన్నో కుటుంబాలు తరతరాలుగా చెప్పుకుంటున్నాయి. అక్కడి ఇన్‌స్పెక్టర్లు కొత్తగా పేర్లు రాసుకోలేదు. ఓడ కంపెనీవాళ్లు ముందే తయారుచేసిన ప్రయాణికుల జాబితా ఎదురుగా పెట్టుకుని సరిచూశారు, అంతే. పేర్లను ఎక్కువగా ఆ కుటుంబాలే తర్వాత మార్చుకున్నాయి. ఇంత గట్టిగా నమ్మిన కథే నిలబడనప్పుడు మిగతావాటిని ఏ ధైర్యంతో రాస్తాం?

మూడోతరం:
ఆ కథ తప్పే, కాదనను. కానీ కాగితానికి మీరిస్తున్న గౌరవం దానికి తగినదేనా? ఆ కాగితంలో ఉన్నది కూడా ఎవరో చెప్పగా ఇంకెవరో రాసుకున్నదే కదండీ. ఇంగ్లండ్ 1841 జనాభా లెక్కలే తీసుకోండి. పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును కింది ఐదుకు తగ్గించి రాయమని ఎన్యూమరేటర్లకు పైనుంచే ఆదేశం. 39 ఏళ్ల మనిషి రికార్డులో 35 ఏళ్లవాడయ్యాడు. అదే మనిషి 1851 లెక్కల్లో ఉన్న వయసుతో కనిపిస్తే, వీళ్లిద్దరూ వేరువేరు మనుషులని చాలామంది పొరబడతారు. మరణ ధ్రువపత్రం కూడా అంతే. చనిపోయిన తేదీని నమ్మవచ్చు, అప్పుడు పక్కనున్నవాళ్లు చెప్పారు కాబట్టి. అదే కాగితంలో పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు ఉంటే? చెప్పినవాడు ఆ పుట్టుకను చూసి ఉండడు. దుఃఖంలో ఉన్న కొడుకో, అల్లుడో తనకు గుర్తున్నది చెప్పి ఉంటాడు. ఒకే కాగితంలో ఒక గడి సాక్ష్యం, పక్క గడి వినికిడి.

పాతరిజిస్టర్:
కాగితంలో తప్పుంటే ఇంకో కాగితంతో పోల్చి పట్టుకోవచ్చు. నాయనమ్మ మాటను దేనితో పోల్చాలి? నా అభ్యంతరం అక్కడే.

వేరుమొదలు:
డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఈ గొడవంతా తేలిపోతుంది కదా?

మూడోతరం:
ఇద్దరి మధ్య రక్తసంబంధం ఉందో లేదో అది చెప్పగలదు, దగ్గరి తరాల్లో అయితే చాలా నమ్మకంగా. ఆ మనిషి ఏం పని చేశాడు, ఊరు ఎందుకు వదిలాడు, ఎవరితో మాట్లాడటం మానేశాడు అన్నది చెప్పదు. పైగా తరం మారినకొద్దీ వాటా తగ్గిపోతూ, దూరపు పూర్వీకుల్లో కొందరి జాడే మనలో మిగలదు. ఇక్కడి ప్రశ్న వాళ్ల జీవితాల గురించి.

పాతరిజిస్టర్ గారూ, పోల్చడానికి రెండో కాగితమే లేనివాళ్ల సంగతి చెప్పండి. 1922లో డబ్లిన్‌లోని పబ్లిక్ రికార్డ్ ఆఫీసు తగలబడినప్పుడు ఐర్లండ్ 1821 నుంచి 1851 వరకు జరిపిన జనాభా లెక్కలు చాలావరకు బూడిదయ్యాయి. ఆ తర్వాతి 1861 నుంచి 1891 దాకా లెక్కలను ప్రభుత్వమే నాశనం చేసింది. అమెరికాలో ఇంకా ఘోరం. 1850, 1860 లెక్కల్లో బానిసలను యజమాని పేరు కింద వయసు, లింగం, రంగు మాత్రమే వేసి నమోదు చేశారు, పేర్లు దాదాపు లేవు. వాళ్లలో ఎక్కువమంది పేర్లు జనాభా లెక్కల్లోకి ఎక్కింది 1870లోనే. అంతకుముందు ఆ తల్లి ఎవరి దగ్గర ఉండేది, పిల్లల్ని ఎటు అమ్మేశారు అన్నది ఇంట్లో మాటగా మిగిలింది. ఆ మాట ఊతం లేకపోతే ఏ యజమాని కాగితాలు వెతకాలో కూడా తెలియదు. మీ నియమం పెడితే ఆ కుటుంబాల చరిత్ర 1870లో మొదలవుతుంది. అది నాకు అన్యాయంగా తోస్తుంది.

పాతరిజిస్టర్:
అన్యాయమే. అయినా రికార్డు పోయినంత మాత్రాన కథ నిజమైపోదు. ఐర్లండ్‌లోనే 1847-1864 మధ్య వెలువడిన గ్రిఫిత్ వాల్యుయేషన్ ఉంది. పన్ను కోసం తయారుచేసిన ఆ జాబితాలో ఎవరు ఏ భూమిలో, ఏ ఇంట్లో ఉన్నారో, ఎవరి దగ్గర కౌలుకు తీసుకున్నారో దొరుకుతుంది. నోటిమాటతో అయితే రెండు తరాలు కలిసి ఒకటైపోతాయి, తాత చేసిన పని ముత్తాత ఖాతాలో పడుతుంది. ఇంట్లో ఎవరికి అవమానమో ఆ భాగం రాలిపోతుంది.

మూడోతరం:
ఆ జాబితాలో ఇంటికి ఒక్క పేరే కదా, అదీ ఎక్కువగా మగవాళ్లది. భార్య, పిల్లలు, ఆ ఇంట్లోనే ఉండిపోయిన వితంతు చెల్లెలు లేరు.

ఇంకో సంగతి. పేదవాళ్ల జీవితం వివరంగా దొరికే కాగితం ఏది? ఏ పేదవాడికి ఏ ఊరు సాయం చేయాలో తేల్చే 1662 చట్టం తర్వాత ఇంగ్లండ్‌లో, సాయం అడిగిన లేదా అడుగుతాడేమోనని అనుమానం కలిగిన పేదవాణ్ణి మేజిస్ట్రేట్ల ముందు ప్రమాణం చేయించి విచారించేవారు. ఎక్కడ పుట్టావు, ఎవరి దగ్గర పని నేర్చుకున్నావు, ఎన్నాళ్లు పనిచేశావు, జీతమెంత? ఒక మామూలు పనివాడి బతుకు అంత దగ్గరగా ఇంకెక్కడా కనపడదు. కానీ ఆ మనిషి ఎందుకు మాట్లాడుతున్నాడో గమనించండి. పెళ్లికాని పనివాడు ఏడాది ఒప్పందం మీద ఏడాది నిండా పనిచేస్తే ఆ ఊళ్లో సాయం పొందే హక్కు వచ్చేది. హక్కు లేదని తేలితే సొంత ఊరికి పంపేసేవారు. ఒక్క వారం తేడాతో బతుకు తారుమారయ్యే చోట అతను చెప్పింది మీకు దస్తావేజు, మా ఇంట్లో భయం లేకుండా చెప్పింది పుకారా? రెండూ వాంగ్మూలాలే. రెంటినీ అడగాల్సిన ప్రశ్నలు ఒకటే: ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, అలా చెప్పడం వల్ల వాళ్లకేం అవసరం తీరింది?

పాతరిజిస్టర్:
ఆ ప్రశ్నలు రెంటినీ అడగాలన్నది సరే. కానీ మేజిస్ట్రేట్ ముందు చెప్పినమాట ఆ రోజు ఉన్నది ఉన్నట్టు ఆగిపోయింది. ఇంట్లో మాట చెప్పిన ప్రతిసారీ మారుతుంది. పైగా ఇప్పుడు ఫ్యామిలీసెర్చ్ లాంటి వెబ్‌సైట్‌లో అందరిదీ ఒకే వంశవృక్షం, ఎవరైనా మార్చవచ్చు. మీరు సందేహంతో పెట్టిన పేరును ఇంకొకరు సందేహం తీసేసి తమ చెట్టులో అతికించుకుంటారు. కాబట్టి చెట్టులో మాత్రం రికార్డు లేని బంధుత్వం వద్దు.

మూడోతరం:
చెట్టు గీతల వరకు మీ జాగ్రత్త నాకూ సమ్మతమే. ఆ మనిషి పేజీలో జ్ఞాపకాలకు వేరే చోటుంది, కథను అక్కడ పెట్టమంటాను, చెప్పినవాళ్ల వరసతో సహా: "ఇది మా నాయనమ్మ చెప్పింది, ఆమెకు అత్తగారు చెప్పారు, అత్తగారు ఆ ఇంటికి కాపురానికి వచ్చేసరికి ఆ మనిషి ఇంకా బతికే ఉన్నాడు." ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నవాళ్లు మాత్రం ఆర్కైవ్స్ కంటే ముందు వాళ్ల దగ్గర కూర్చోండి, వాళ్ల మాటల్లోనే రికార్డు చేయండి. రిజిస్టర్లు వచ్చే ఏడాది కూడా చూసుకోవచ్చు.