కొండ మొదట్లో పులికంప కొట్టినాం, వానలకు మళ్ళీ లేచింది. ఏం చేసేది?

చంద్రగిరి_కుర్రోడు:
అన్నలూ అక్కలూ, మేము ఒక పదిమందిమి ఆదివారాలు చంద్రగిరి పక్క కొండ మొదట్లో పని చేస్తా ఉండాం, ఫారెస్టు వాళ్ళ పర్మిషన్ తీసుకోనే. మార్చిలో లంటానా, అదే మా అమ్మోళ్ళు పులికంప అంటారే, దాన్ని కొడవళ్ళతో నేలమట్టానికి కొట్టేసి సెల్ఫీలు కూడా దిగినాం. జూలైలో పోయి చూస్తే ఒక్కో మొద్దుకు పది పిలకలు! ఇంకోటి, పైన ఒక రాళ్ళ వాలు ఖాళీగా ఉంది, బోదగడ్డి తప్ప ఏం లేదు. ఆడ వేప, కానుగ నాటుదామని మాలో సగం మంది, సీడ్ బాల్స్, అదే విత్తనాలు పెట్టిన మట్టి ఉండలు, విసురుదామని సగం మంది. మధ్యలో చిన్న చిన్న ఈత చెట్లు అడ్డం ఉండాయి, తీసేయొచ్చా?

బోటనీ_అక్క:
తమ్ముడూ ముందు ఆ ఈత చెట్ల మీద చెయ్యి వెయ్యొద్దు. నిజంగా ఈతేనా చూసినావా? ఈతాకు మధ్యకు మడిచినట్టుంటుంది, కొన ముల్లు మాదిరి గుచ్చుకుంటుంది, మట్ట మొదట్లో పెద్ద ముళ్ళుంటాయి. అట్లా కాకుండా ఆకులు సన్నగా, అంచులు కిందికి చుట్టుకోని ఉంటే, కొత్త చిగురు ఫెర్న్ మాదిరి సుడి తిరిగి వస్తా ఉంటే అది పేరీత, కొందరు మదనకామాక్షి అంటారు. సైన్సు పేరు సైకస్ బెడ్డోమీ. మన తిరుపతి, కడప వైపు కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో పెరగదు, 1972 వన్యప్రాణి చట్టంలోనే దాని పేరుంది, పీకితే కేసే. ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు, మగదాని మొగ్గను మందని కోసుకోని పోతారు, ఇంక కాయలెట్లా పట్టేది? అది పెరిగేదే ఇట్లాంటి ఎండ తగిలే గడ్డి వాలు మీద. మీరు ఖాళీ అంటున్నది దాని ఇల్లు. నీడ చెట్లు నాటి దాన్ని చంపొద్దు.

గడ్డపార_మామ:
లంటానా సంగతి నేను చెప్తా. కొడవలితో కొడితే దానికి క్షవరం చేసినట్టే. పిలకలు వచ్చేది కాండం, వేరు కలిసే బొడ్డు దగ్గర్నుంచి, కాబట్టి మట్టి కొంచెం తీసి ఆ బొడ్డుకు రెండు మూడు వేళ్ళ కింద తల్లివేరు తెగ్గొట్టాల, తీసిన మొక్కను తలకిందులుగా నిలబెట్టాల, నేలకు తగిలితే మళ్ళీ అంటుకుంటుంది. కాయ నల్లబడక ముందే చెయ్యండి. పిట్టలు ఆ కాయ తిని ఏ చెట్టు మీద వాలతాయో దాని కింద పిల్ల మొక్కలు గుంపుగా లేస్తాయి, వానలు పడినాక ఆ చెట్ల కింద తిరిగి చేత్తో పీకేయండి, ఒక్క ఏడాదితో అయ్యేది కాదు. ఎండిన కంప కుప్పలు ఆడే వదిలేస్తే ఎండాకాలం అగ్గి పడినప్పుడు మంట పైకి ఎగబాకుతుంది, అదొకటి చూసుకోండి.

ఎర్రమట్టి:
వేప వద్దంటే ఎర్రచందనం అన్నా నాటొచ్చు కదక్కా, మన కొండ చెట్టే కదా?

బోటనీ_అక్క:
మన చెట్టే, కాదన్లా. కానీ దాన్ని నరికినా మొద్దు నుంచి చిగురిస్తుంది, గాలికి కాయలు ఎగిరి పడతాయి. నెత్తిన కంప లేకుంటే అదే లేస్తుందప్పా. నాటాలని అంత ఉబలాటంగా ఉంటే మీ ఊరి బడిలో నాటుకోండి.

గడ్డపార_మామ:
పర్మిషన్ కాగితం ప్రతి ఒక్కడి జేబులో పెట్టుకోండి. శేషాచలంలో తెల్లారుజామున పదిమంది కొడవళ్ళు, గొడ్డళ్ళు పట్టుకోని పోతా ఉంటే ఎవురైనా ఏమనుకుంటారు చెప్పు 😄

చంద్రగిరి_కుర్రోడు:
అక్కా, ఇప్పుడే పాత ఫోటోలు జూమ్ చేసి చూసినా. అంచులు చుట్టుకోనే ఉండాయి, ముళ్ళు లేవు. ఏడు చెట్లు. మార్చిలో ఒకదాన్ని ఈతే అనుకోని కొట్టేసినాం కూడా, కడుపులో దేవేసినట్టుంది. సీడ్ బాల్స్ వాళ్ళతో ఈ రాత్రే మాట్లాడతా. మామా, మాకు ఉండేది రెండే గడ్డపారలు, ఆదివారానికి ఇంకో నాలుగు ఎవురైనా ఇస్తారా? బండేసుకోని వచ్చి తీసుకుంటా.