మిద్దె మీద సోలార్ పెట్టుకుంటే చాలా, రోడ్డెక్కి అడగాలా? తిరుపతి, చిత్తూరు వాళ్లు మీ అనుభవం చెప్పండి

రమణ_తిరుపతి
2021 నవంబరు వాన ఇప్పటికీ మా ఇంట్లో మాటల్లో ఉంది. తిరుమల మెట్ల దారిలో నీళ్లు జలపాతంలా దూకుతుంటే, కింద మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. రాయలచెరువు కట్ట ఎక్కడ తెగుతుందోనని ఊళ్లు ఖాళీ చేయించారు. డిగ్రీ చదివే మా అమ్మాయికి అప్పటి నుంచి ఇదే ధ్యాస. మిద్దె మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామంటే, "పెట్టించు నాన్నా, కానీ పని అయిపోయిందనుకోవద్దు. బొగ్గు తగ్గించమని, చెరువులు కాపాడమని అడగడానికి మాతో కూడా రా" అంటోంది. నిజంగా దేనివల్ల ఉపయోగం?

లక్ష్మి_బైరాగిపట్టెడ
రమణన్నా, మేం పెట్టించి ఏడాది దాటింది. మిద్దె సోలార్‌కు కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. ఎండ బాగుంటే రోజుకు 12 యూనిట్ల దాకా వస్తుంది. కార్తీకంలో ముసురు పట్టిందంటే సగం కూడా రాదు, అది ముందే తెలుసుకోండి. మన దేశంలో గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. ఏడాదికి 4,000 యూనిట్లనుకుంటే మా ఒక్క ఇంటి వల్ల దాదాపు 3 టన్నులు తగ్గుతున్నట్టే. ఆ లెక్క చూసినప్పుడల్లా నాకు సంతోషమే.
మమ్మల్ని ఇబ్బంది పెట్టింది నెట్ మీటర్, అంటే మనం వాడిన కరెంటుతో పాటు లైన్లోకి పంపినది కూడా లెక్కించే మీటర్. రెండు నెలలు ఒక్కదాన్నే తిరిగాను, "వస్తుంది లేమ్మా" అన్నారు. మా కాలనీలో అప్లై చేసిన ఐదుగురం కలిసి వెళ్లి, రాతపూర్వకంగా జవాబు ఇవ్వమని కూర్చున్నాం. వారంలో మీటర్లు బిగించారు. మీ అమ్మాయి చెప్పేది ఇదే అనుకుంటా.

ఈఈఈ_కుర్రాడు
2025 నాటికి మన దేశంలో కరెంటు తయారు చేసే సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ కానిదే. కానీ నిజంగా తయారయ్యే కరెంటులో 70 శాతం దాకా ఇంకా బొగ్గుదే. పొద్దుగూకాక ప్యానెల్ పని చేయదు, మనం ఏసీలు వేసేదేమో అప్పుడే. అందుకే నిల్వ కావాలి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో చేస్తున్నది అదే. పగలు మిగిలే కరెంటుతో నీళ్లు పైకి తోడి, సాయంత్రం కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఇంత పెద్ద పనులు ఒక్కో ఇంటి వల్ల కావు. ప్రభుత్వం చేయాలి, చేసేదాకా మనం అడగాలి.

మామిడి_రైతు_పూతలపట్టు
నాది తోతాపురి తోట. ఒక ఏడు పూత సమయానికి ఎండ ముదురుతుంది, ఇంకో ఏడు వాన పడి పూత రాలుతుంది. మా నాయన లెక్కలు ఇప్పుడు పనికిరావడం లేదు. సోలార్ మోటారు గురించి ఒక మాట. రాత్రి కరెంటు కోసం పాముల భయంతో తోటలోకి పోయిన రోజులు చూసినవాణ్ణి, పగటిపూట నీళ్లు రావడం ఎంత మేలో నాకు తెలుసు. కానీ ఖర్చు లేదు కదా అని పొద్దస్తమానం తోడితే బోరు ఎండుతుంది. మా పక్క చేన్లో వెయ్యి అడుగులు వేసినా తడి తగల్లేదు. డ్రిప్ వేసుకుని, చెరువు నింపుకుంటేనే సోలార్ మోటారుకు అర్థం.

పద్మ_టీచర్
రోడ్డెక్కితే ఏమొస్తుందని అడిగేవాళ్లకు నేను సోంపేట గురించి చెబుతాను. శ్రీకాకుళం జిల్లాలో బీల అనే తంపర (చిత్తడి) భూముల్లో బొగ్గు కరెంటు ప్లాంటు కడతామంటే రైతులు, మత్స్యకారులు కలిసి అడ్డుకున్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటు అనుమతి రద్దు చేసింది. ప్లాంటు రాలేదు. ఎన్ని లక్షల ప్యానెళ్లు పెడితే ఒక బొగ్గు ప్లాంటు ఆగుతుందో ఆలోచించండి. ఆ ఊళ్లవాళ్లు చెల్లించిన వెల తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

అలిపిరి_వాసి
మన కొండ మీద 2002లోనే సూర్యుడి వేడితో ఆవిరి పుట్టించి అన్నప్రసాదం వండారు. 2022 నుంచి ఘాట్ రోడ్డులో ఎలక్ట్రిక్ బస్సులు. పొగ లేని బస్సులో మొదటిసారి కొండెక్కిన రోజు మా అమ్మ కిటికీ మూయనివ్వలేదు.

రమణ_తిరుపతి
అందరికీ థాంక్స్. సోలార్‌కు మా వీధిలో నాలుగిళ్ల వాళ్లం కలిసి అప్లై చేస్తున్నాం, లక్ష్మిగారు చెప్పినట్టు ఆఫీసుకు కూడా కలిసే వెళ్తాం. ఆదివారం అమ్మాయి వాళ్ల గుంపుతో చెరువు కాలువ చూడటానికి పోతున్నా. ఎక్కడ పూడింది, ఎక్కడ కట్టడాలు వచ్చాయి రాసుకుని అర్జీ పెడతారట.

మామిడి_రైతు_పూతలపట్టు
అన్నా, మొరవ దగ్గర్నుంచి, అంటే చెరువు నిండితే నీళ్లు బయటికి పోయే చోటు నుంచి మొదలుపెట్టండి. ఊర్లో ముసలోళ్లను ఒకరిద్దర్ని తోడు తీసుకుపోండి, పాత కాలువ ఎటు పారేదో వాళ్లే చూపిస్తారు.