మన బాధకి మనమే బాధ్యులమా, సమాజమా? మా ఫ్రెండ్స్ మధ్య ఈ గొడవ తేలట్లేదు

ప్రశ్న:

అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్ట్, ఓపిగ్గా చదవండి. మా ఫ్రెండ్ ఒకడికి ఉద్యోగం పోయింది, వాడొక్కడికే కాదు, వాడి టీమ్ మొత్తాన్ని ఒకేసారి తీసేశారు. పని బాగా చేసేవాడే. ఇప్పుడు వాడి చుట్టూ రెండు రకాల జనం. ఒకళ్ళేమో "ముందే కొత్త స్కిల్ నేర్చుకోవాల్సింది, నాలుగు రాళ్ళు వెనకేసుకోవాల్సింది, చేసుకున్నవాడికి చేసుకున్నంత" అంటారు. ఇంకొకళ్ళు "ఇదంతా వ్యవస్థరా, నీ చేతిలో ఏముంది, నువ్వేం చేసినా ఇంతే" అంటారు. మొదటి మాట వింటే వాడు ముడుచుకుపోతున్నాడు. రెండోది వింటే ఆ పూటకి తేలికపడతాడు గానీ మర్నాడు మంచం దిగడు.

నాకు రెండిట్లోనూ నిజం కనిపిస్తోంది, అదే ఇబ్బంది. ఫ్రెంచ్ తత్వవేత్త సార్త్ర్ ఏమో మనిషి స్వేచ్ఛ నుంచి తప్పించుకోలేడు, ఏమీ ఎంచుకోకపోవడం కూడా ఒక ఎంపికే అంటాడు. మార్క్స్ 1852లోనే మనుషులు తమ చరిత్రని తామే తయారుచేసుకుంటారు గానీ తాము కోరుకున్న పరిస్థితుల్లో కాదు అని రాశాడు. ఇవి చదివితే వాదనకి పనికొస్తున్నాయి కానీ వాడి పక్కన కూర్చున్నప్పుడు నోట్లోంచి మాట రావట్లేదు. అసలు మనిషి పడే బాధలో తన వాటా ఎంత, సమాజం వాటా ఎంత? స్వేచ్ఛ లోపల ఉండేదా, బయటి నుంచి వచ్చేదా?

జవాబు 1:

మీరు అడిగిన ఉదాహరణనే సి. రైట్ మిల్స్ అనే సోషియాలజిస్ట్ 1959లో వాడాడండి. లక్ష మంది ఉన్న నగరంలో ఒక్కడికే పని లేదంటే అతని స్వభావం, అతని నైపుణ్యం చూడొచ్చు. అదే 5 కోట్ల మంది పనిచేసే దేశంలో 1.5 కోట్ల మందికి పని లేదంటే అది ఒక్కో మనిషిని కూర్చోబెట్టి క్లాస్ పీకితే తేలే విషయం కాదు, అవకాశాల నిర్మాణమే కూలిందని అర్థం. మీ ఫ్రెండ్ టీమ్ మొత్తాన్ని ఒకేసారి తీసేశారన్నారు కదా, అందరూ ఒకేసారి బద్ధకస్తులైపోయారా? కాదు కదా. మరి వాడినొక్కడినే పట్టుకుని నువ్వేం తప్పు చేశావు అని ఎందుకు అడుగుతున్నారు?

ఎందుకంటే అలా అడిగితే అడిగేవాళ్ళకి భయం తగ్గుతుంది. 1966లో లెర్నర్, సిమన్స్ అని ఇద్దరు సైకాలజిస్టులు ఒక ప్రయోగం చేశారు. ఒకామెకి కరెంట్ షాకులు ఇస్తున్నట్టు (నిజంగా ఇవ్వలేదు, నటన) చూసేవాళ్ళని నమ్మించారు. ఆమెకి సాయం చేసే దారి లేని వాళ్ళు మెల్లగా ఆమెనే తక్కువ చేసి మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ షాకులు ఆపించే వీలు దొరికిన వాళ్ళు మాత్రం అంతగా చులకన చెయ్యలేదు. అంటే "వాడి తప్పే" అనే మాట చాలాసార్లు వాడి గురించి కాదు, మనం ఏమీ చేయలేకపోతున్నాం అన్న బాధని దించుకోవడానికి వచ్చే మాట. ప్రపంచం న్యాయంగానే ఉంది, నేను జాగ్రత్తగా ఉంటే నాకు రాదు అని మనకి మనం చెప్పుకోవడం. నాకైతే ఇది క్రూరత్వం అనిపిస్తుంది, అనేవాళ్ళు మంచివాళ్ళే అయినా సరే.

జవాబు 2:

పైన చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మాట. నేను చాలా కాలం డిప్రెషన్‌లో ఉన్నాను. నా చుట్టూ ఉన్న చదువుకున్నవాళ్ళంతా నా బాధకి కారణాలు చెప్పేవాళ్ళు, ఇల్లు, పెంపకం, డబ్బు, సమాజం, అన్నీ నిజమే, ఒక్కటీ కాదనను. కానీ వింటుంటే నేనొక మనిషిని అనే ఫీలింగ్ పోయేది, ఎవరో తోసేస్తే పడిపోయిన వస్తువులా అనిపించేది. "ఈ రోజు నువ్వు ఏం చేద్దామనుకుంటున్నావు" అని నన్ను అడిగిన ఒకే ఒక్క మనిషి నా డాక్టర్, ఆ ప్రశ్నలో గౌరవం ఉంది. ఎపిక్టెటస్ అనే ప్రాచీన గ్రీకు తత్వవేత్త పుట్టుకతోనే బానిస, ఆయనకి సమాజం చేసే అన్యాయం తెలియక కాదు కదా ఏది మన చేతిలో ఉందో ఏది లేదో విడదీసి చూడమని చెప్పింది. బాధ్యత, నింద రెండూ ఒకటే అనుకుని మొత్తం తీసేస్తే మనిషికి మిగిలే ఆఖరి ఆస్తి కూడా లాగేసుకున్నట్టే.

జవాబు 3:

నింద వేరు, బాధ్యత వేరు అన్నది బాగుంది. నింద వెనక్కి చూస్తుంది, బాధ్యత ముందుకి. అయితే ఆ "ఏం చేద్దామనుకుంటున్నావు" అనే ప్రశ్నకి జవాబు చెప్పే శక్తి ఎక్కడి నుంచి వస్తుంది అన్నది చూడాలి, అక్కడ సమాజం మళ్ళీ లోపలికి వచ్చేస్తుంది.

సెలిగ్‌మన్, మేయర్ అనే సైకాలజిస్టులు 1967లో కుక్కల మీద చేసిన ప్రయోగాలు చాలామందికి తెలుసు. తప్పించుకోలేని షాకులు తిన్న కుక్కలు తర్వాత చిన్న అడ్డుగోడ దూకితే షాక్ తప్పించుకోవచ్చు అన్నప్పుడు కూడా ఎక్కువ భాగం కదలకుండా పడుకున్నాయి. మూడో వంతు కుక్కలు మాత్రం అయినా లేచి దూకాయి, దాన్ని కూడా మర్చిపోకూడదు. చాలామందికి తెలియని ముక్క దీని తర్వాతది. పడుకుండిపోయిన కుక్కల్ని అవతలి వైపు నుంచి ఆహారం చూపించి పిలిచినా లాభం లేకపోయింది, మెడకి తాడు కట్టి మళ్ళీ మళ్ళీ అవతలికి లాగాల్సి వచ్చింది, అలా కొన్నిసార్లు లాగాక అవే దూకడం మొదలుపెట్టాయి. ఇంకా గట్టి విషయం ఏంటంటే ఆ కుక్కలు నిస్సహాయతని నేర్చుకున్నాయి అన్న తమ సిద్ధాంతాన్ని ఆ ఇద్దరే 2016లో తిరగేశారు. నిస్సహాయత నేర్చుకునేది కాదు, బాధ ఎక్కువ కాలం ఉంటే శరీరం దానంతటదే అలా పడిపోతుంది, నేర్చుకోవాల్సింది "నా చర్యకి ఫలితం ఉంటుంది" అన్నదే అని. నన్ను అడిగితే మీ రెండో ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. స్వేచ్ఛ లోపల ఉండేదే, కానీ అది బయట పనిచేసి చూసిన అనుభవంతోనే లోపలికి వస్తుంది. ఎంత గింజుకున్నా ఏమీ మారని చోట పెరిగినవాడికి వచ్చి "నీ చేతిలోనే ఉంది" అని చెప్తే అది వాడికి వినపడదు.

బ్రిటన్‌లో వైట్‌హాల్ స్టడీ అని 1967లో మొదలైంది, ప్రభుత్వ ఉద్యోగుల మీద. అందరికీ ఉద్యోగం ఉంది, అందరికీ ఉచిత వైద్యం ఉంది. అయినా హోదా మెట్టు మెట్టు దిగే కొద్దీ చావులు పెరిగాయి, అందరికన్నా పైనున్న మొదటి మెట్టు, దాని కింది రెండో మెట్టు మధ్య కూడా తేడా ఉంది. సిగరెట్టు, బీపీ లాంటివి లెక్క కట్టి పక్కన పెట్టినా తేడాలో పెద్ద భాగం అలాగే మిగిలింది. 1985లో మొదలుపెట్టిన రెండో స్టడీలో పని మీద తమకి అదుపు తక్కువ ఉన్నవాళ్ళకి గుండెజబ్బు ఎక్కువ అని కనపడింది. అదుపు అనేది మనసులో అనుకునే మాట మాత్రమే కాదు, ఎవరో ఇచ్చే, ఎవరో లాక్కునే వస్తువు కూడా.

ప్రశ్న అడిగినవారు:

థ్యాంక్సండీ, ఇంత ఓపిగ్గా రాశారు. ఒక్కటి అడుగుతాను. మరి వియన్నా సైకియాట్రిస్ట్ విక్టర్ ఫ్రాంకల్ సంగతి ఏంటి? నాజీ క్యాంపుల్లో ఉండి కూడా మన వైఖరిని ఎంచుకునే స్వేచ్ఛ ఎవరూ లాక్కోలేరు అన్నాడు. మావాడికి అందరూ పంపేది ఆ కొటేషనే.

జవాబు 3:

ఆ కొటేషన్ పంపేవాళ్ళు సగమే పంపుతున్నారు. బతికి బయటపడటంలో అదృష్టం పాత్ర ఎంతో ఉందని, తమలో ఉత్తములు తిరిగి రాలేదని ఆయనే రాశాడు. తల్లి, తండ్రి, అన్న, భార్య అందరినీ పోగొట్టుకున్నాడు, వాళ్ళ వైఖరి బాగోలేక పోయారా? ఆ స్వేచ్ఛ తన గురించి తాను చెప్పుకుంటే గొప్ప మాట, పక్కవాడికి చెప్తే దెబ్బ.

పైగా మీ ఫ్రెండ్‌కి పనికొచ్చే ఫ్రాంకల్ వేరే ఉన్నాడు. క్యాంపులకి చాలా ముందు, 1933లో, ఆయన ఉద్యోగాలు పోయిన యువకుల గురించి రాశాడు. పని లేదు కాబట్టి నేను పనికిరాను, పనికిరాను కాబట్టి బతుక్కి అర్థం లేదు, ఇలా మూడూ ముడిపడిపోయి కుంగిపోతున్నారని గమనించాడు. వాళ్ళని లైబ్రరీల్లో, యువజన సంఘాల్లో జీతం లేని పనిలో పెట్టేలా చూశాడు. జీతం రాలేదు, ఆకలి తీరలేదు, కానీ ఆ కుంగుబాటు చాలామందిలో తగ్గింది. అంతకుముందే వియన్నాలో యువతకి ఉచితంగా కౌన్సెలింగ్ ఇచ్చే కేంద్రాలు నడిపించాడు కూడా. అంటే వైఖరి మార్చుకో అని చెప్పి ఊరుకోలేదు, మార్చుకోవడానికి చోటు ఏర్పాటు చేశాడు.

కాబట్టి మీరు వాడికి ఏదీ చెప్పకండి కొన్నాళ్ళు. టీమ్‌లో తీసేసిన మిగతావాళ్ళని ఒకసారి కలపండి, తన ఒక్కడి లోపం కాదని వాడి కళ్ళతో వాడు చూస్తాడు, వీలైతే అందరూ కలిసి రావాల్సిన బకాయిల గురించి అడగొచ్చు. తర్వాత ఏదైనా చిన్న పని, వాడు చేస్తే ఫలితం అదే రోజు కనిపించేది, మీకు నిజంగా అవసరమైనది, వాడిని సాయం అడగండి. అప్లికేషన్ పెట్టాలంటే పక్కన కూర్చుని పెట్టించండి, లింక్ పంపి వదిలెయ్యకండి. నిద్ర, తిండి పూర్తిగా పోతే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి.

జవాబు 2:

ఆఖరిది ముఖ్యం, "వెళ్ళు" అనకండి, మీరు కూడా వెళ్ళండి. అపాయింట్‌మెంట్ బుక్ చేయడమే ఆ టైమ్‌లో చాలా కష్టం.