ఊళ్లో లీటరుకు పదమూడే వస్తోంది, ఇంజినులో లోపమా?

కృష్ణాతీరం:
మాది విజయవాడ. 2019లో కొన్న వెయ్యి సీసీ పెట్రోలు కారు. కంపెనీ చెప్పింది లీటరుకు 22 కిలోమీటర్లు. పాపను బడిలో దించి, బెంజి సర్కిల్ మీదుగా ఆఫీసుకు వెళతాను. మీటరు తెర మీద 13 దాటడం లేదు. సర్వీసింగు మొన్ననే అయింది. ఇంజినులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేయించమంటున్నారు. చేయించమంటారా?

పాతబండి:
అప్పుడే వద్దండీ. తెర మీది అంకె అంచనా మాత్రమే. ట్యాంకు నింపించండి, పంపు తనంతట తాను ఆగిన చోట ఆపించి కారు తిరిగిన కిలోమీటర్ల రీడింగు రాసుకోండి. నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో అలాగే నింపించి, తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఈ లెక్క తేలకముందు ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టకండి.

ఇంతకీ బడి ఎంత దూరం? రెండు మూడు కిలోమీటర్లే అయితే నా అనుమానమంతా దాని మీదే. ఇంజిను చల్లగా ఉన్నంతసేపూ కంప్యూటరు పెట్రోలు ఎక్కువగా పంపుతుంది. అది వేడెక్కేలోపే మీరు బండి ఆపేస్తున్నారు. సిగ్నలు దగ్గర ఏసీతో నిలబడితే కిలోమీటరు కదలకుండానే పెట్రోలు ఖర్చవుతుంది. కంపెనీ అంకె ప్రయోగశాలలో, రోలర్ల మీద, గంటకు 90 మించని వేగంతో తేల్చినది. మన ట్రాఫిక్‌కు దానితో పోలిక లేదు.

ఎర్రమట్టి:
ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు సంగతి మరిచిపోయారు. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కంటే దాదాపు మూడో వంతు తక్కువ. ఈ10కు (పది శాతం కలిపినదానికి) సర్దిన పాత కార్లలో మైలేజీ ఆరేడు శాతం తగ్గుతుందని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికలోనే ఉంది. మావంటి పాత బండ్లవాళ్లకు మామూలు పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలి కదా!

పాతబండి:
మీ బాధ న్యాయమైనదే. కానీ 22లో ఏడు శాతం పోయినా ఇరవై పైన మిగలాలి. పదమూడుకు కారణం అదొక్కటే కాదు.

కృష్ణాతీరం:
బడి రెండున్నర కిలోమీటర్లండీ. ఫ్లైఓవరు దిగేటప్పుడు న్యూట్రల్‌లో వదిలితే కలిసొస్తుందని మా బావగారు అంటారు.

పాతబండి:
దయచేసి ఆ పని చేయకండి. గేరులో ఉంచి యాక్సిలరేటరు వదిలితే ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి, చక్రాలే ఇంజినును తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజిను ఆగిపోకుండా తిరగడానికి పెట్రోలు కావాలి, పైగా భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. బావగారి మాట ఇంజెక్టర్లు రాకముందు, కార్బ్యురేటరు కాలానిది.

టైర్లలో గాలి ఉదయాన్నే, బండి కదలకముందు చూపించండి. ఎంత ఉండాలో డ్రైవరు తలుపు పక్కన అతికించిన చీటీలో ఉంటుంది. తరువాత హైదరాబాద్ వెళ్లినప్పుడు 80 దాటకుండా నడిపి, ట్యాంకు లెక్క మళ్లీ వేయండి. పద్దెనిమిది పైన వస్తే ఇంజినును ముట్టుకోనక్కరలేదు. అక్కడా పదమూడే వస్తే ముందు బ్రేకులు పట్టేస్తున్నాయేమో, ఆ తరువాత ఇంజిను పొగలో ఆక్సిజన్‌ను కొలిచే ఆక్సిజన్ సెన్సరు చూపించండి. ఇంజెక్టర్ల వంతు ఆ తరువాతే.